ఎండకు కొలత కట్టిన రైతుబిడ్డ - హారీ స్టీన్‌బాక్

విటమిన్ డి అనగానే మనకు ఎండ గుర్తుకొస్తుంది. ఆ ఎండ మందుసీసాలోకి, అక్కణ్ణుంచి డాక్టరు చీటీలోకి రావడానికి కారకులైన వారిలో హారీ స్టీన్‌బాక్ ముఖ్యుడు. ఆయన 1886లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టి, పొలంలోనే పెరిగాడు. పాడికి పేరుపడ్డ రాష్ట్రం అది. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చదివి 1908లో పట్టా పుచ్చుకున్నాడు.

అప్పటికే అక్కడ ఒక పెద్ద ప్రయోగం నడుస్తోంది. 16 పెయ్యల్ని నాలుగు గుంపులు చేసి ఒకదానికి మొక్కజొన్న, ఒకదానికి గోధుమ, ఒకదానికి ఓట్సు, ఇంకోదానికి మూడూ కలిపి మేపారు. రసాయన లెక్కల్లో అన్ని మేతలూ సమానమే. అయినా మొక్కజొన్న తిన్నవి మంచి దూడల్ని ఈనాయి, గోధుమ తిన్నవాటి దూడలు దక్కలేదు. మేతలో లెక్కకందనిది ఏదో ఉందని దాంతో తేలింది. ఆ పనిలో చెయ్యి కలిపిన కుర్రవాళ్లలో స్టీన్‌బాక్ ఒకడు.

ఆ కాలంలో ఎండ చాలని నగరాల్లో పిల్లలకు రికెట్స్ వచ్చి ఎముకలు మెత్తబడేవి, దొడ్డికాళ్లు పడేవి. ఎలుకల మేత మీద అతినీలలోహిత కాంతి పడితే ఆ మేతే జబ్బును నయం చేస్తుందని స్టీన్‌బాక్ 1924లో చూపించాడు. న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ హెస్ కూడా విడిగా ఇదే కనిపెట్టాడు.

పేటెంటు కోసం స్టీన్‌బాక్ సొంత డబ్బు పెట్టుకున్నాడు. ఒక ఓట్స్ కంపెనీ ఇవ్వజూపిన పెద్ద మొత్తాన్ని కాదన్నాడు. 1925లో ఏర్పడిన విశ్వవిద్యాలయ పరిశోధన ఫౌండేషన్‌కు హక్కులు అప్పగించాడు. అయితే వెన్నకు పోటీ అని మార్గరిన్ తయారీదార్లకు అనుమతి ఇవ్వలేదు. పాడిరైతు పక్షాన నిలిచాడని మనబోటి రైతుబిడ్డలు సంతోషించవచ్చు. మార్గరిన్ తినే పేదపిల్లల మాటేమిటని అడగనూ వచ్చు. 1940లలో కోర్టు ఆ పేటెంట్లు చెల్లవన్నది.

ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది కొలత. ఎలుక ఎముకలో కొత్తగా కాల్షియం పేరుకున్న గీతను చూసి విటమిన్ బలాన్ని లెక్కగట్టేవారు. స్టీన్‌బాక్ యూనిట్ అనే మాట అలా వచ్చిందే. ఆ కొలత ఎంత అవసరమో తర్వాత లోకానికి తెలిసింది. 1930, 40లలో కీళ్లవాతానికని భారీ మోతాదులు మింగించగా కొందరికి రక్తంలో కాల్షియం మితిమీరి కిడ్నీలు దెబ్బతిన్నాయి.

స్టీన్‌బాక్ 1967 డిసెంబర్ 25న కన్నుమూశాడు. ఆయన శిష్యుడు హెక్టర్ డెలూకా ఆ దారిలోనే ముందుకు సాగాడు. విటమిన్ డి ముందు కాలేయంలో, ఆపైన కిడ్నీలో మారితేనే పూర్తిగా పనిచేస్తుందని, పేగుల్లోంచి కాల్షియాన్ని లాగుతుందని 1970ల నాటికి తేలిపోయింది. కిడ్నీలు చెడినవారికీ, గొంతు ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు పోయి వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోయేవారికీ కాల్సిట్రయాల్ అనే మందు ఆ జ్ఞానం పెట్టిన భిక్షే.

కానీ ఇది తోచినప్పుడు మింగే టానిక్ కాదు. మన మందుల షాపుల్లో దొరికే 60,000 యూనిట్ల మామూలు విటమిన్ డి సాధారణంగా వారానికి ఒకటి చొప్పున రాస్తారు. దాన్ని రోజూ వేసుకుంటే ఒంట్లోని కొవ్వులో నిలవపడి, మానేశాక కూడా నెలల తరబడి బాధిస్తుంది. కాల్సిట్రయాల్ త్వరగా దిగిపోతుంది గాని త్వరగా ఎక్కుతుంది కూడా. కనుక డాక్టరు చెప్పిన గడువుల్లో రక్తపరీక్ష తప్పదు. ఆయనకు చెప్పకుండా కాల్షియం బిళ్లలు కలపకూడదు. గుండెకు డిజాక్సిన్ వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మగత కనబడితే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఎరువు ఎక్కువైతే పైరు మాడిపోతుందని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మందు సంగతీ అంతే.