చక్రానికి బలం పెంచిన తోటమాలి – జేమ్స్ స్టార్లీ

సైకిల్ పరిశ్రమకు పితామహుడిగా పేరుపొందిన జేమ్స్ స్టార్లీ 1830లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో, ఆల్బోర్న్ అనే పల్లెటూరిలో రైతు కుటుంబంలో జన్మించారు. చిన్నప్పటి నుంచే పొలం పనులు. వాటిలో మనసు నిలవక, మీసాలు రాని వయసులోనే ఇల్లు విడిచి లండన్ వైపు వెళ్లిపోయారు. (ఈ ఒక్క విషయంలో మిత్రులెవరూ ఆయనను అనుసరించవద్దని మనవి!)

లూయిషామ్‌లో జాన్ పెన్ అనే ఓడ ఇంజన్ల తయారీదారు ఇంట తోటమాలిగా చేరారు. పగలు మొక్కల పని, తీరిక దొరికితే గడియారాలు విప్పి బాగుచేయడం. ఇంజనీరింగ్ చదువు ఏమీ లేదు. యజమాని ఇంట్లో కుట్టుమిషను పాడైతే దాన్ని బాగుచేసి, ఇంకా మెరుగ్గా ఎలా చేయవచ్చో కూడా చూపించారు. ఆ మిషనే ఆయన జీవితాన్ని మార్చింది. మిషన్ల కంపెనీ భాగస్వామి జోసయ్యా టర్నర్ ఆయనను ఉద్యోగంలోకి తీసుకున్నారు. 1861 ప్రాంతంలో ఇద్దరూ కోవెంట్రీ పట్టణం చేరి సొంతంగా కుట్టుమిషన్ల కంపెనీ ప్రారంభించారు.

1868లో పారిస్ నుంచి ఆ కంపెనీకి ఒక సైకిల్ వచ్చింది. చెక్క చక్రాలు, ఇనుప పట్టీలు. తొక్కితే ఒళ్లు హూనమే. 1870లో స్టార్లీ, విలియం హిల్‌మన్‌తో కలిసి ఏరియల్ అనే తేలికైన సైకిల్‌కు పేటెంట్ తీసుకున్నారు.

నా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం 1874 నాటి చక్రం. అంతకుముందు స్పోకులు హబ్బు నుంచి రిమ్ముకు తిన్నగా వెళ్లేవి. పెడల్ బలంగా తొక్కితే హబ్బు ముందు తిరుగుతుంది, రిమ్ము వెనకబడుతుంది. ఆ మెలిక స్పోకుల మీద పడుతుంది. స్టార్లీ స్పోకులను హబ్బు అంచు నుంచి ఏటవాలుగా, సగం ముందుకు, సగం వెనక్కు, ఒకదానినొకటి దాటేలా బిగించారు. తొక్కినా, బ్రేకు వేసినా కొన్ని స్పోకులు లాగి పట్టుకుంటాయి. పాల క్యాన్ల సైకిల్‌నో, బస్తాలు మోసే రిక్షానో ఒకసారి ఆపి చక్రం చూడండి. క్వింటాళ్ల బరువు ఆ సన్నటి పుల్లల మీదే నడుస్తోంది!

తర్వాత ఆయన దృష్టి మూడు, నాలుగు చక్రాల బండ్ల మీదకు మళ్లింది. ఒకసారి కొడుకు విలియంతో పక్కపక్కన కూర్చుని తొక్కుతుండగా, కొడుకు కాలి బలానికి బండి పక్కకు తిరిగి తండ్రి దురద మొక్కల్లో పడ్డారని చెబుతారు. 1877లో దానికి మందు దొరికింది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఒకటి ఈడ్చుకుపోతుంది. ఇరుసు మధ్య పళ్ల చక్రాలు అమర్చి రెంటికీ బలం అందిస్తూనే వేరువేరు వేగాలతో తిరిగేలా చేశారు. ఇదే డిఫరెన్షియల్. ఫ్రాన్స్‌లో పెక్వర్ 1827లోనే ఇలాంటిది రూపొందించినా, తొక్కుడు బండికి తెచ్చింది స్టార్లీయే. మన ఆటో, ట్రాక్టర్, లారీ వెనక ఇరుసులో ఉన్నదీ ఇదే సూత్రం.

విక్టోరియా రాణి ఆయన ట్రైసికిళ్లు రెండు తెప్పించుకున్నారు. ఆ గౌరవం దక్కిన కొద్దికాలానికే, 1881 జూన్‌లో, స్టార్లీ కన్నుమూశారు. 1884లో కోవెంట్రీ ప్రజలు స్మారక స్తంభం నిలిపారు. ఆయన దగ్గర పనిచేసిన సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సైకిల్ తయారుచేశారు. వెనక చక్రానికి చెయిన్ ఉన్న ఆ సైకిల్ నమూనాలోనే మనం ఇప్పటికీ తొక్కుతున్నాం.