గోడ దూకిన తర్వాత

జేపీ గురించి రాస్తున్నా అనగానే మా రూమ్మేట్, లోక్‌సత్తా ఆయన గురించా అని అడిగాడు. కాదు, ఈయన అంతకు ముందు తరం జేపీ, బీహార్ జయప్రకాశ్ నారాయణ్. ఈయన గురించి కూడా మనకు తెలిసింది ఎక్కువగా ఎమర్జెన్సీ కథే. నాకు మాత్రం అంతకు మూడు దశాబ్దాల ముందు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయనకీ, ఆయన పార్టీకీ జరిగిందే ఎక్కువ ఆలోచింపజేసింది.

జేపీ 1902 అక్టోబర్ 11న సితాబ్‌దియారా అనే పల్లెలో పుట్టారు. మనలాగే సైన్సు స్టూడెంట్. 1921లో సహాయ నిరాకరణ పిలుపు విని, పరీక్షలు దగ్గరపడ్డాక కాలేజీ మానేశారు. మరుసటి ఏడాది అమెరికా వెళ్లి ద్రాక్షతోటల్లో కూలి చేశారు, హోటళ్లలో గిన్నెలు కడిగారు. బర్క్‌లీలో కెమిస్ట్రీతో మొదలుపెట్టి, ఫీజు పెరిగితే కట్టలేక వేరే యూనివర్సిటీకి మారారు. విస్కాన్సిన్‌లో మార్క్సిజం పరిచయమైంది. చివరికి ఒహాయోలో సోషియాలజీలో ఎం.ఏ. చేసి 1929లో తిరిగొచ్చారు.

నాసిక్ జైల్లో కలిసిన కొందరు యువకులతో జరిగిన చర్చల నుంచి 1934లో కాంగ్రెస్ సోషలిస్ట్ పార్టీ పుట్టింది. కాంగ్రెస్ లోపలే ఉంటూ దాన్ని రైతుల వైపు, కార్మికుల వైపు తిప్పాలన్నది వీళ్ల ఆలోచన. 1936 నుంచి కమ్యూనిస్టులను కూడా చేర్చుకున్నారు. మన పుచ్చలపల్లి సుందరయ్య గారు కూడా ఆ పార్టీలో పనిచేసినవారే.

1939 సెప్టెంబర్‌లో యుద్ధం వచ్చింది. సోషలిస్టులు మొదటి రోజు నుంచీ దాన్ని వ్యతిరేకించారు. జంషెడ్‌పూర్‌లో చేసిన ప్రసంగానికి జేపీకి తొమ్మిది నెలల జైలు పడింది. అదే 1940లో కమ్యూనిస్టులతో తెగతెంపులయ్యాయి. బయటికి పంపింది వాళ్లనే అయినా, పోయింది సోషలిస్టులకే. ఆంధ్ర, తమిళ, కేరళ శాఖలు దాదాపు మొత్తంగా కమ్యూనిస్టుల వెంట వెళ్లిపోయాయి. అంటే దక్షిణాదిలో పార్టీకి కాళ్లు లేకుండా పోయాయి.

తర్వాత 1942 వచ్చింది. ఆగస్టు 9న కాంగ్రెస్ పెద్దలందరినీ అరెస్టు చేశారు. బయట మిగిలిన లోహియా, అచ్యుత పట్వర్ధన్, అరుణా అసఫ్ అలీ లాంటివాళ్లు అజ్ఞాతంలోంచి ఉద్యమం నడిపారు. జేపీ అప్పటికి హజారీబాగ్ జైల్లో ఉన్నారు. నవంబర్ 9, దీపావళి రాత్రి. లోపల పండగ సందడి. ధోవతులు ముడేసి, ఆయనా ఇంకో ఐదుగురూ గోడ దాటేశారు. నేపాల్ సరిహద్దు అడవుల్లో ఆజాద్ దస్తా అనే దళం పెట్టారు. 1943 సెప్టెంబర్‌లో రైల్లో వెళ్తుండగా పంజాబ్‌లో దొరికిపోయారు. లాహోర్ కోటలో నిద్ర పోనివ్వకుండా రోజుల తరబడి ప్రశ్నించారు. 1946 ఏప్రిల్‌లో విడుదలయ్యేసరికి ఆయన పేరు తెలియని ఊరు లేదు.

ఇదే సమయంలో కమ్యూనిస్టుల కథ తలకిందులుగా నడిచింది. 1941లో హిట్లర్ రష్యా మీద పడ్డాక వాళ్లు యుద్ధాన్ని సమర్థించారు. 1942 జూలైలో వాళ్ల మీద నిషేధం ఎత్తేశారు. క్విట్ ఇండియాకు దూరంగా ఉన్నందుకు జనం తిట్టారు కూడా. కానీ బహిరంగంగా తిరగడానికి, రైతు సంఘాలు పెట్టుకోవడానికి వీలు దొరికింది. ఒక పార్టీకి యుద్ధం పేరు ఇచ్చి, కార్యకర్తల్ని జైళ్లకు పంపింది. ఇంకో పార్టీకి చెడ్డపేరు తెచ్చి, పనిచేసుకునే చోటు ఇచ్చింది.

లెక్క 1952లో తేలింది. అప్పటికి సోషలిస్టులు కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి నాలుగేళ్లు. మొదటి లోక్‌సభ ఎన్నికల్లో 254 మందిని నిలబెట్టారు. ఓట్లు 10 శాతం పైనే వచ్చాయి, సీట్లు మాత్రం 12. కమ్యూనిస్టులు 49 చోట్లే పోటీ చేసి, 3 శాతం చిల్లర ఓట్లతో 16 గెలిచారు. ఆ ఓట్లన్నీ వాళ్లు పాతుకుపోయిన చోట్లే పడ్డాయి. సోషలిస్టుల ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి. అభిమానం అంతటా ఉంది, గెలిపించేంత బలం మాత్రం కొన్ని చోట్లే ఉంది.

దీన్ని చదువుతున్నప్పుడు నాకు మా క్లబ్బే గుర్తొచ్చింది. ఫెస్ట్‌లో కవి సమ్మేళనం పెడితే ఆడిటోరియం నిండింది, కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. మేం గెలిచేశాం అనుకున్నాం. తర్వాతి వారం ఈ సంచికకు రచనలు అడిగితే వచ్చినవి ఏడు. అప్పుడు జనాన్ని తిట్టుకున్నా. ఇప్పుడు అనిపిస్తోంది, వాళ్లు చప్పట్లు కొట్టారు కానీ వాళ్ల పేర్లు కూడా మేం అడగలేదు కదా అని.

జేపీ ఆ ఓటమి తర్వాత ఎక్కువ కాలం పార్టీ రాజకీయాల్లో ఉండలేదు. 1954లో తన జీవితాన్ని భూదానానికి ఇచ్చేశారు. ఆ ఉద్యమం 1951లో మొదలైంది మన పోచంపల్లిలోనే. యుద్ధకాలంలో దేశమంతా పేరు మోగిన మనిషి, తర్వాతి ఏళ్లలో ఊరూరా తిరుగుతూ భూమి అడిగారు. 1979 అక్టోబర్ 8న పోయారు.

గోడ దూకిన రాత్రి గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆ ఊళ్ల నడకే ఎక్కువ నచ్చింది. వచ్చే సంచికకు ఆ ఏడుగురినీ ముందు నేనే వెళ్లి కలుస్తా.