బండి చక్రం మీద వెలిగిన దీపాలు



నవంబరు నెలాఖరుకు మన జహీరాబాద్ ప్రాంతాన్ని చలి గట్టిగా పట్టుకుంటుంది. రాయికోడ్ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు పొద్దున్నే చలిమంట చుట్టూ చేరి చేతులు కాచుకుంటారు. అప్పటినుంచే మీ ఇంట్లో కూడా ఒక ప్రశ్న మొదలవుతుంది. క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులుందని పిల్లలు ఉదయం అడుగుతారు, సాయంత్రం మళ్ళీ అడుగుతారు. మనం ఒకసారి చెబుతాం, రెండోసారి చెబుతాం, మూడోసారి విసుక్కుంటాం. ఇదే ప్రశ్న విని, విసుక్కోకుండా, దానికి కళ్ళకు కనిపించే జవాబు తయారుచేసిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం. ఆగమన కాలంలో మన దేవాలయాలలో బలిపీఠం పక్కన కనిపించే పచ్చని దండ, నాలుగు కొవ్వొత్తులు ఆయన చలువే.

ఆయన పేరు యోహాన్ హిన్రిక్ విఖర్న్. 1808 ఏప్రిల్ 21న జర్మనీలోని ఓడరేవు నగరమైన హాంబర్గ్‌లో జన్మించారు. ఏడుగురు పిల్లలలో ఆయనే పెద్దవారు. పదిహేనేళ్ళ వయసులో తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లికి చేదోడుగా ఇతర పిల్లలకు పాఠాలు చెబుతూ, తన చదువు తాను సాగించారు. గోటింగెన్, బెర్లిన్ నగరాలలో దైవశాస్త్రం అభ్యసించారు. ఆయన కథోలికులు కారు, లూథరన్ సంఘస్థులు. అయినా ఆయన చేసిన మేలు మన గుడి దాకా, మన ఇంటి దాకా వచ్చింది.

చదువు ముగించి 1832లో హాంబర్గ్ చేరిన విఖర్న్, పేదపిల్లల ఆదివారపు బడిలో ఉపాధ్యాయులయ్యారు. పాఠం చెప్పి ఊరుకోలేదు. తన పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో, ఏమి తింటున్నారో చూడాలని వారి ఇళ్ళకు వెళ్ళారు. గాలీ వెలుతురూ లేని ఇరుకు గదులు, ఆకలి, తాగుడు, తగాదాలు కళ్ళారా చూశారు. అడుక్కుంటూ, చిల్లర దొంగతనాలు చేస్తూ తిరిగే పిల్లలు ఆనాటి లోకం దృష్టిలో నేరస్థులే. విఖర్న్ దృష్టిలో మాత్రం వారు ఇల్లు లేని బిడ్డలు. బిడ్డలకు కావలసింది ఇల్లే గదా!

1833లో నగర ప్రముఖుడు కార్ల్ సీవెకింగ్, హాంబర్గ్ శివారులోని హార్న్ గ్రామంలో ఒక గడ్డికప్పు ఇల్లు ఇచ్చారు. దాని పేరు రౌహెస్ హౌస్. ఇరవై అయిదేళ్ళ విఖర్న్ తల్లిని, చెల్లెలిని వెంటబెట్టుకొని అక్కడ కాపురం పెట్టారు. ఆ ఏడాది చివరికి 12 మంది అబ్బాయిలు చేరారు. అక్కడ ప్రహరీగోడ లేదు, తలుపులకు గొళ్ళాలు వేసి బంధించడం లేదు. వచ్చిన ప్రతి పిల్లవాడికి గతమంతా క్షమించబడిందని మొదటి రోజే తెలిసేది. పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఇళ్ళు పెరిగాయి. పదీ పన్నెండు మంది ఒక కుటుంబంగా, వారికి అన్నలాంటి ఒక సంరక్షకుడు తోడుగా జీవించారు. చదువుతోపాటు వడ్రంగం, కుట్టుపని, చెప్పులు కుట్టడం వంటి చేతిపనులు నేర్చుకున్నారు.

పండుగ దగ్గర పడితే ఆ పిల్లలకూ ఒకటే తొందర. క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడిగేవారు. 1839లో విఖర్న్ ఒక కొయ్య చక్రం తీసుకొని, దాని మీద 24 కొవ్వొత్తులు అమర్చి, ప్రార్థనశాలలో వేలాడదీశారు. ఆ సంవత్సరం ఆగమన కాలపు మొదటి ఆదివారం డిసెంబరు 1న వచ్చింది. నాలుగు ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగిలిన రోజులకు 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు. ప్రతిదినం ప్రార్థనవేళ ఒక కొత్త దీపం వెలిగేది.

ఆ చక్రం పిల్లలకు ఏమి నేర్పిందో గమనించండి. ఎన్ని వెలిగాయో లెక్కపెడితే కూడిక వచ్చింది, ఎన్ని మిగిలాయో చూస్తే తీసివేత వచ్చింది. ఒక పెద్ద దీపం నుంచి మరో పెద్ద దీపానికి వెళ్ళేసరికి వారం అంటే ఏమిటో తెలిసింది. చలికాలంలో హాంబర్గ్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. బయట చీకటి పెరిగే రోజుల్లో లోపల దినదినం వెలుగు పెరుగుతుంటే, రక్షకుని రాకడ కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో అక్షరం రాని పసివాడికి కూడా అర్థమైంది.

ఆ మరుసటి ఏడే, 1840లో, ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ అనే మరో జర్మన్ ఉపాధ్యాయుడు ఆటపాటల ద్వారా నేర్పే తన శిశువిద్యాలయానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. పిల్లల తోట అని దాని అర్థం. మన పిల్లలు చదివే ఎల్.కె.జి., యు.కె.జి.లలోని కె.జి. ఆ మాటే. పసివారు చూసి, చేసి, పాడి నేర్చుకుంటారన్న సత్యాన్ని ఆ ఇద్దరూ తమ తమ దారుల్లో కనుగొన్నారు.

తరువాత విఖర్న్ సేవ విస్తరించింది. 1848లో విట్టెన్‌బర్గ్ మహాసభలో ప్రసంగించి, పేదలను ఆదుకోవడం సంఘం బాధ్యత అని తన వారిని మేల్కొలిపారు. ఖైదీల జీవితాలు బాగుచేయడానికీ పాటుపడ్డారు. చివరి సంవత్సరాలు వ్యాధితో బాధపడి, 1881 ఏప్రిల్ 7న కన్నుమూశారు. రౌహెస్ హౌస్ నేటికీ హాంబర్గ్‌లో సేవ చేస్తూనే ఉంది.

ఆయన చక్రానికి కాలక్రమంలో పచ్చని కొమ్మలు చుట్టారు. చిన్న ఇళ్ళకు ఇమిడేలా చిన్న కొవ్వొత్తులు తీసివేయగా, ఆదివారాల నాలుగు దీపాలు మిగిలాయి. 1925లో కొలోన్ నగరంలోని ఒక కథోలిక దేవాలయంలో ఆ దండ వెలిసింది. క్రమంగా లోకమంతటా వ్యాపించి మన విచారణలకూ చేరింది.

ప్రియ తల్లిదండ్రులారా! ఈసారి ఆగమన కాలంలో మీ ఇంట్లోనూ దీపచక్రం ఒకటి చేయండి. పాత బండి చక్రమైనా, సైకిల్ రిమ్మైనా చాలు. వేపరెమ్మలు చుట్టండి. కొవ్వొత్తులు కొనలేకపోతే మట్టి ప్రమిదలు పెట్టండి. ఆగమన కాలం ఒక్కో ఏడు ఒక్కో తేదీన మొదలవుతుంది. కనుక డిసెంబరు 24 వరకు తక్కువలో తక్కువ 22, ఎక్కువలో ఎక్కువ 28 దీపాలు కావాలి. ఆ లెక్క పిల్లలచేతనే వేయించండి. మీరు పక్కనే నిలబడి, దీపం వాళ్ళచేతనే వెలిగించండి.

మరొక్క మాట. విఖర్న్ ఆ దీపాలు వెలిగించింది ఊరంతా దొంగలని తరిమిన పిల్లల మధ్య. మన ఊరిలోనూ అలాంటి పేరు పడిన పిల్లవాడు ఉండవచ్చు. పనికోసం వలస వచ్చి చెరుకు తోట పక్కన గుడిసె వేసుకున్న వారి బిడ్డ ఉండవచ్చు. ఒక సాయంత్రం ఆ బిడ్డను మీ ఇంటికి పిలవండి, ఆనాటి దీపం ఆ చేతులతో వెలిగించనివ్వండి. పశువుల పాకలో పుట్టిన బాలయేసు ఆ రాత్రే మీ గడప తొక్కుతాడు.