డైక్‌స్ట్రా పండితుడు - గోటూ ఖండనము

కంప్యూటరునకు మనుజుడు వ్రాసియిచ్చు ఆజ్ఞల వరుసకు ప్రోగ్రామని పేరు. యంత్రము వానిని ఒకదాని వెంట నొకటిగా నెరవేర్చును. నడుమ గోటూ అను ఆజ్ఞ యెదురైనచో వరుస విడిచి, అది చూపిన చోటికి దుముకును. ఈ దుముకుళ్లు మితిమీరినచో ప్రోగ్రాము చిక్కుపడిన నూలగును. వ్రాసినవాడే దాని కొసను కనుగొనజాలడు. ఈ యనర్థమును లోకమునకు చాటినవాడు ఎడ్స్గర్ డైక్‌స్ట్రా.

ఈయన 1930లో హాలండు దేశమందలి రాటర్‌డామున జన్మించెను. తండ్రి రసాయనశాస్త్రజ్ఞుడు, తల్లి గణితమున ప్రవీణురాలు. లైడెనులో భౌతికశాస్త్రము చదువుచునే 1952లో ఆంస్టర్‌డాము గణితకేంద్రమున ప్రోగ్రాములు వ్రాయు పనిలో ప్రవేశించెను. 1957లో వివాహ సమయమున తన వృత్తి యిదియని చెప్పగా, అట్టి వృత్తియే లేదని నగరాధికారులు త్రోసిపుచ్చిరట! రెండు ఊళ్ల నడుమ దగ్గరి దారిని లెక్కించు ఈయన పద్ధతి 1959లో అచ్చయి నేటికిని వాడుకలో నున్నది.

1968 మార్చిలో అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘ పత్రికలో ఈయన లేఖ వెలువడెను. మానవబుద్ధి కనుల యెదుట స్థిరముగా నుండు సంబంధములను చక్కగ గ్రహించును గాని, కాలగతిలో కదలు వ్యాపారమును ఊహించుటలో దుర్బలమని ఈయన వాదము. కావున కాగితముపై వ్రాతకును, యంత్రములోని నడకకును గల యెడము తగ్గవలెను. క్రమబద్ధమైన ప్రోగ్రాములో యంత్ర మే పంక్తికి వచ్చినది, మరల మరల చేయు పని యెన్నవ మారు జరుగుచున్నది అను గుర్తులతో పని పురోగతి చెప్పవచ్చును. విచ్చలవిడి గోటూలున్నచోట ఈ గుర్తులు నిరర్థకములు. గోటూ లేకయే యే ప్రోగ్రామునైనను నిర్మింపవచ్చునని 1966లోనే బోమ్, యాకోపీని అను ఇటలీ పండితులు చూపియుండిరి.

దుమారము పుట్టించినది శీర్షికయే. గోటూ హానికరమను నా తలకట్టు డైక్‌స్ట్రాది గాదు. సంపాదకుడు నిక్లాస్ విర్త్ పెట్టినది. సంపాదకుని కలము చేయగల చమత్కారము పత్రికావృత్తిలోని మాకు క్రొత్త గాదు. 1974లో క్నూత్ పండితుడు కొన్ని యెడల గోటూ మేలు చేయునని దీర్ఘవ్యాసమున నిరూపించెను. అదియు సత్యమే, పొరపాటు సంభవించినపుడు చేతనున్న సామగ్రిని అప్పగించి వెలికి వచ్చుటకు సీ భాషలో నిపుణులు నేటికిని దానిని వాడుచున్నారు. కాని యది నియమ మెఱిగినవాని మినహాయింపు. విమానములను, ఆసుపత్రి యంత్రములను ప్రోగ్రాములు నడపుచున్న కాలమున, చదివి తెలియరాని ప్రోగ్రాము ప్రాణాపాయకరము. అట్టి స్వేచ్ఛను స్వాతంత్ర్యమని మేమనజాలము.

1972లో ఈయనకు ట్యూరింగు బహుమతి లభించెను. 1984 మొదలు టెక్సాసు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగ నుండి, 2002 ఆగస్టు 6వ తేదీన స్వదేశమందలి న్యూనెనులో కన్నుమూసెను. యంత్రములకు నడక నేర్పిన యీయన తన వ్యాసములను మాత్రము తఱచుగా ఫౌంటెన్ పెన్నుతో చేత వ్రాసి, నకళ్లు తీసి మిత్రులకు పంపుచుండెను. అట్టివి 1,300కు మించి యున్నవి.