అలీగఢ్‌కు వచ్చిన ఆంగ్లేయ ఉస్తాద్

అల్లామా ఇఖ్బాల్ పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. అల్లామా షిబ్లీ నోమానీ పేరు కూడా మన పెద్దలకు బాగా తెలుసు. వీరిలో ఒకరికి గురువుగా, మరొకరికి స్నేహితునిగా మెలిగిన ఒక ఆంగ్లేయుడు ఉన్నారు. ఆయన పేరు థామస్ వాకర్ ఆర్నాల్డ్. పరాయి దేశంలో, పరాయి మతస్తుల మధ్య ఉపాధ్యాయుడిగా కుదురుకోవడం ఎలాగో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆర్నాల్డ్ 1864లో ఇంగ్లాండులోని డెవన్‌పోర్ట్‌లో జన్మించారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడే తూర్పు దేశాల విద్యలపై మనసు పడింది. 1888లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, అలీగఢ్‌లోని మొహమ్మడన్ ఆంగ్లో ఓరియెంటల్ కాలేజీలో తత్వశాస్త్రం బోధించడానికి వచ్చారు. ఆ కాలేజీయే తర్వాత 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమైంది.

ఆనాటి పరిస్థితి కాస్త గుర్తుచేసుకోవాలి. 1857 తిరుగుబాటు ముగిసి అప్పటికి ముప్ఫై ఏళ్ళే. ఢిల్లీలో ఉరికంబాలు ఎక్కినవారి పిల్లలు, మనవలు ఇంకా బతికే ఉన్నారు. ఇంగ్లీషు చదువు వైపు ముస్లింలను నడిపించాలని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పూనుకుంటే, ఆయన మీద కుఫ్ర్ ఫత్వాలు వచ్చాయి. ఆంగ్లేయుల చేతికి పిల్లల్ని అప్పగిస్తే దీన్ పోతుందని తల్లిదండ్రులు భయపడ్డారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితం మీద అన్యాయంగా రాసిన విలియం మ్యూర్ ఆ రాష్ట్రానికే గవర్నరు హోదాలో పాలన చేసిన మనిషి. మ్యూర్‌కు జవాబుగా గ్రంథం రాయడానికి సర్ సయ్యద్ లండన్ వెళ్ళి, అప్పులపాలయ్యారు కూడా. అటువంటి చోటికి తెల్లవాడు పంతులుగా వస్తే, విద్యార్థులు లేచి సలాం చేస్తారేమో గాని మనసు ఇస్తారా?

ఆర్నాల్డ్‌కు ముందు వచ్చిన ఆంగ్లేయులు కూడా ఆ కాలేజీలో ఉన్నారు. ప్రిన్సిపాల్ థియోడర్ బెక్ అప్పటికే రాజకీయాల్లో తలదూర్చి, ముస్లింలను కాంగ్రెసుకు దూరంగా ఉంచే పనిలో ఉన్నారు. ఆర్నాల్డ్ దారి వేరు. వచ్చిన కొద్ది కాలానికే అక్కడి ముస్లిం పెద్దమనుషులు తొడిగే దుస్తులు తొడగసాగారు. పేద విద్యార్థుల చదువు ఖర్చుల కోసం కాలేజీ విద్యార్థులు అంజుమన్ అల్‌ఫర్జ్ అనే సంఘం పెట్టుకుని చందాలు పోగుచేస్తుంటే, ఆయన కూడా వారితో కలిశారు. వేషం మార్చడం తేలికే. పాలకులు చాలామంది వేడుక కోసం ఆ పని చేశారు. పేద పిల్లల ఫీజు కోసం విద్యార్థులతో చేయి కలపడం మాత్రం వేడుకతో జరిగే పని కాదు.

అసలు విషయం షిబ్లీ స్నేహంలో ఉంది. మౌలానా షిబ్లీ అప్పటికే అయిదేళ్ళుగా అక్కడ అరబ్బీ, పారసీ బోధిస్తున్నారు. ఆర్నాల్డ్ కంటే ఏడేళ్ళు పెద్ద. పాత పద్ధతిలో, ఉస్తాదుల ముందు మోకాళ్ళు మడిచి చదువుకున్న ఆలిమ్. ఈ ఇద్దరూ ఒకరికొకరు షాగిర్దులయ్యారు. ఆర్నాల్డ్ షిబ్లీ దగ్గర అరబ్బీ చదివితే, షిబ్లీ ఆర్నాల్డ్ దగ్గర ఫ్రెంచి నేర్చుకున్నారు. ఒక కాలేజీలో పనిచేసే ఇద్దరు ఉపాధ్యాయులు, తనకు రాని విద్య పక్కవాడికి వచ్చునని ఒప్పుకుని అతని ముందు కూర్చోవడం ఈ రోజుల్లో కూడా అరుదే. పాలకజాతికి చెందిన యువకుడు, పాలితుల మౌల్వీ ముందు అలా కూర్చోవడం ఆ రోజుల్లో ఎంత అరుదో చెప్పనక్కర లేదు.

1892లో షిబ్లీ తుర్కీ, షామ్, మిస్ర్ దేశాల యాత్రకు బయలుదేరారు. అదే ఓడలో ఆర్నాల్డ్ ఇంగ్లాండుకు ప్రయాణమయ్యారు. ఓడలో కూడా అరబ్బీ పాఠాలు ఆగలేదు. ఆ ప్రయాణంలో జరిగిన ఒక సంఘటన షిబ్లీ తన సఫర్‌నామాలో రాసుకున్నారు. ఉర్దూ చదివే ఇళ్ళలో అది తెలియనివారు తక్కువ. నడిసముద్రంలో ఓడ ఇంజను చెడిపోయింది. కెప్టెను, సిబ్బంది కంగారుగా అటూ ఇటూ పరుగులు తీస్తున్నారు. షిబ్లీకి గుండె జారిపోయి, ఏం చేయాలో తోచక ఆర్నాల్డ్ దగ్గరికి పరుగెత్తారు. చూస్తే ఆయన నిశ్చింతగా పుస్తకం చదువుకుంటున్నారు. ఇంజను చెడిన సంగతి తెలుసా అని అడిగితే తెలుసునన్నారు. మరి ఇది పుస్తకం చదివే సమయమా అని షిబ్లీ ఆశ్చర్యపోయారు. ఓడ మునిగేదే అయితే మిగిలిన ఈ కాస్త సమయం మరింత విలువైనదని, దాన్ని పాడుచేసుకోవడం తెలివితక్కువతనమని ఆర్నాల్డ్ జవాబు. కొన్ని గంటల తర్వాత ఇంజను బాగయింది. ఓడ కదిలింది. తన కంగారును దాచుకోకుండా, ఎదుటివాడి నిబ్బరాన్ని మెచ్చుకుంటూ అందరికీ తెలిసేలా రాయడం షిబ్లీ గొప్పతనం. మనం ఆర్నాల్డ్‌ను మాత్రమే మెచ్చుకుని ఊరుకుంటాం.

ఆ అరబ్బీ పాఠాల ఫలితం 1896లో వెలుగు చూసింది. ఇస్లాం ప్రచార చరిత్ర మీద ఆర్నాల్డ్ రాసిన గ్రంథం, ది ప్రీచింగ్ ఆఫ్ ఇస్లాం, ఆ ఏడాది అచ్చయింది. ఇస్లాం కత్తితో వ్యాపించిందని యూరపు పండితులు అలవాటుగా అంటున్న రోజులవి. ఆర్నాల్డ్ దేశం వెంట దేశం తీసుకుని చరిత్ర తిరగేశారు. పశ్చిమాసియా, స్పెయిన్, ఇరాన్, ఆఫ్రికా, చైనా, మలయా ద్వీపాలు, మన హిందూదేశం, ఇలా ఒక్కొక్క చోట ధర్మాన్ని మోసుకెళ్ళింది ఎక్కువగా వర్తకులు, సూఫీలు, సామాన్య ప్రచారకులేనని చూపారు. బాగ్దాదును నేలమట్టం చేసిన మంగోలులే ఓడిన జనం ధర్మంలోకి రావడం ఆ గ్రంథంలో కళ్ళు తెరిపించే భాగం. అక్కడ కత్తి ఎవరి చేతిలో ఉంది, ధర్మం ఎవరి దగ్గర ఉంది? బలవంతం జరిగిన సందర్భాలను కూడా ఆయన దాచలేదు. అందుకే ఆ గ్రంథానికి సాక్ష్యపు విలువ వచ్చింది. ముందుమాటలో షిబ్లీ చేసిన సాయాన్ని కృతజ్ఞతతో చెప్పుకున్నారు.

సర్ సయ్యద్ ప్రోత్సాహంతో మౌల్వీ ఇనాయతుల్లా దీన్ని దావతె ఇస్లాం పేరుతో ఉర్దూలోకి తెచ్చారు. ఈ ఇనాయతుల్లా గారే తర్వాతి కాలంలో మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు దారుల్ తర్జుమాకు నాజిమ్‌గా పనిచేశారు.

1898 మార్చిలో సర్ సయ్యద్ కన్నుమూశారు. ఆర్నాల్డ్ ఆ ఏడాదే లాహోర్ ప్రభుత్వ కళాశాలకు మారిపోయారు. షిబ్లీ కూడా అలీగఢ్ వదిలారు. మూడేళ్ళ తర్వాత ఆయన నిజాం కొలువులో హైదరాబాదుకు వచ్చి, 1905 వరకు ఇక్కడే ఉండి కొన్ని ప్రసిద్ధ గ్రంథాలు రాశారు. లాహోర్‌లో ఆర్నాల్డ్‌కు దొరికిన విద్యార్థే ఇఖ్బాల్. తత్వశాస్త్రంలో ఎం.ఏ. ఆయన దగ్గరే చదివి 1899లో పూర్తిచేశారు. 1904లో ఆర్నాల్డ్ ఉద్యోగం మీద లండన్ వెళ్ళిపోతే, ఆ ఎడబాటు మీద ఇఖ్బాల్ నాలయె ఫిరాఖ్ అనే కవిత రాశారు. మరుసటి ఏడాది తానూ ఉస్తాద్ వెనుకే ఇంగ్లాండు చేరారు.

అక్కడ ఒక సమయంలో ఇఖ్బాల్‌కు కవిత్వం మీద విరక్తి పుట్టింది. ఇక కవిత్వం రాయనని, ఆ సమయాన్ని పనికివచ్చే పనికి పెడతానని మిత్రుడు అబ్దుల్ ఖాదిర్‌తో అన్నారు. మిత్రుడు ఒప్పుకోలేదు. చివరికి ఆర్నాల్డ్ చెప్పినట్టు చేద్దామని ఇద్దరూ అంగీకరించారు. ఇఖ్బాల్ కవిత్వం మానుకోకూడదని, అది ఆయనకూ దేశానికీ జాతికీ మేలు చేసేదేనని ఆర్నాల్డ్ తీర్పు చెప్పారు. ఆ తీర్పు మరోలా ఉంటే బాంగె దరా మన చేతికి వచ్చేదా? షాగిర్ద్ ఉస్తాద్ మాటను శిరసావహించాడు.

ఆర్నాల్డ్ జీవితమంతా మనకు నచ్చేదే అనలేం. 1909 నుంచి లండన్‌లో భారతీయ విద్యార్థులకు సలహాదారుగా పనిచేశారు. అది తమ మీద ప్రభుత్వం పెట్టిన నిఘా అని చాలామంది విద్యార్థులు ఆ కార్యాలయాన్ని దూరం పెట్టారు. అలీగఢ్‌లో సంపాదించుకున్న నమ్మకం ఆ కుర్చీలో దొరకలేదు. 1924లో ఖిలాఫత్ మీద రాసిన గ్రంథంలో ఉస్మానీ సుల్తానుల వారసత్వ వాదనకు చారిత్రక ఆధారం చాలదని రాశారు. ఖిలాఫత్ ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చినవారికి అది రుచించే మాట కాదు. ఆయన ఇస్లాం స్వీకరించనూ లేదు. స్వీకరించినట్టు కొందరు ప్రేమకొద్దీ చెప్పుకుంటారు గాని, అది నిజం కాదు.

1921లో లండన్‌లోని ప్రాచ్యవిద్యల కళాశాలలో అరబ్బీ, ఇస్లామీ విద్యల ప్రొఫెసరయ్యారు. సర్ బిరుదు కూడా ఆ ఏడాదే వచ్చింది. 1930లో మిస్ర్ విశ్వవిద్యాలయం ఆహ్వానించగా కైరో వెళ్ళారు. అరవై ఆరేళ్ళ వయసులో మళ్ళీ పరాయి దేశం, మళ్ళీ కొత్త తరగతి గది. ఈసారి చుట్టూ వినబడేది, ఒకనాడు ఓడ మీద షిబ్లీ ముందు కూర్చుని పాఠాలు చెప్పించుకున్న భాష. అక్కడి నుంచి తిరిగివచ్చిన కొద్ది కాలానికే, ఆ ఏడాది జూన్ 9న, లండన్‌లో ఆర్నాల్డ్ చనిపోయారు. లాహోర్ నుంచి ఇఖ్బాల్ లేడీ ఆర్నాల్డ్‌కు సంతాపం తెలుపుతూ ఉత్తరం రాశారు.