లైటు కింద తెల్ల పురుగు.. చేలో ఎర్ర గొంగళి! ఈ లింకు ముఖ్యమన్న నేవీ ఆఫీసర్ ఎవరో తెలుసా?

తొలకరి గట్టిగా పడిందంటే చాలు.. ఆదోని, ఎమ్మిగనూరు, ఉరుకుంద వైపు వేరుశనగ విత్తనం పనులు మొదలవుతాయి. అదే రోజుల్లో చీకటి పడ్డాక వీధి లైట్ల చుట్టూ తెల్ల రెక్కల పురుగులు తిరుగుతుంటాయి. వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కొన్నాళ్లకు ఎర్ర గొంగళి పురుగులు దండు కట్టి చేను మీద పడితే అప్పుడు మందు కోసం పరుగులు. ఆ గొంగళ్లు ఈ తెల్ల పురుగుల పిల్లలే మరి!

ఏ రెక్కల పురుగుకి ఏ గొంగళి, అది ఏ పంట తింటుంది.. ఈ లెక్క తేల్చడానికే జీవితం పెట్టిన మనిషి థామస్ బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్. 1878లో పుట్టిన ఈ ఇంగ్లిష్ వ్యక్తి బ్రిటిష్ నేవీలో జీతాలు, లెక్కలు చూసే ఆఫీసర్. ఓడ రేవులో ఆగితే చాలు, వల పట్టుకుని పురుగుల వేటకు వెళ్లేవాడు. 1905లో సీలార్క్ ఓడలో హిందూ మహాసముద్రం దీవులు తిరిగినప్పుడూ అదే పని. ఈకల్లా చీలిన రెక్కలుండే చిన్న చిన్న పురుగులంటే మరీ ఇష్టం.

తర్వాత నేవీ వదిలేసి మన దేశంలో వ్యవసాయ శాఖలోకి వచ్చాడు. 1910ల మొదట్లో మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త. ఆదోని అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ బళ్లారి జిల్లాలో ఉండేది. అంటే ఈ నేల కూడా ఆయన పరిధిలోదే. దక్షిణాది పురుగుల మీద ఆయన రాసిన లావుపాటి పుస్తకం 1914లో మద్రాసులో అచ్చయింది.

ఆ తర్వాత బీహార్‌లోని పూసాకు వెళ్లి, 1932 దాకా దేశం మొత్తానికి కీటక శాస్త్రవేత్తగా పనిచేశాడు. అసలు పని జరిగింది ఇక్కడే. అప్పటిదాకా లండన్ మ్యూజియంలో సూదికి గుచ్చిన పురుగును చూసి పేరు పెట్టేవాళ్లు. అది ఏ ఆకు తింటుందో చాలాసార్లు ఎవరికీ తెలీదు. రైతుకి ఆ పేరుతో ఏం పని? పూసాలో గొంగళిని చేలోంచి తెచ్చి, అదే ఆకు వేసి పెంచి, రెక్కలొచ్చాక చూసి రాసుకునేవాళ్లు. దేశంలోని పురుగుల నిపుణులందర్నీ పిలిచి ఆయన మీటింగులు కూడా పెట్టించాడు.

మరి మన వేరుశనగ పురుగును ఎలా గుర్తుపట్టాలి? ముందు రెక్కలు తెల్లగా, గోధుమ రంగు చారలతో ఉంటాయి. పై అంచు పొడవునా పసుపు గీత ఉంటుంది. వెనక రెక్కల మీద నల్ల మచ్చలు. అంచు గీత ఎరుపైతే అది దీనికి దగ్గరి చుట్టం, ఇంకో జాతి. కోశాలు గట్ల కింద, చెట్ల నీడన మట్టిలో నెలల తరబడి పడుంటాయి. గట్టి వాన తడి తగిలాకే రెక్కల పురుగులు పైకొస్తాయి. ఒక్కో ఆడ పురుగు ఆకుల మీద గుంపులుగా వందల గుడ్లు పెడుతుంది. అందుకే మొదటి వాన పడిన వెంటనే దీపపు ఎరలు, మంటలు పెట్టమంటారు. ఎండాకాలం లోతు దుక్కి చేస్తే కోశాలు బయటపడి పక్షుల పాలవుతాయి. గొంగళ్లు పక్క చేలకు నడవకుండా చుట్టూ కందకం తీయాలి. బొచ్చు పెరిగి ఎర్రబడ్డాక మందుకు లొంగడం కష్టం.

రిటైరయ్యాక ఫ్లెచర్ ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర రాడ్‌బరో ఫోర్ట్ అనే ఇంట్లో ఉన్నాడు. 1950లో చనిపోయాడు.