ప్రతాపరెడ్డిగారి మంచిపేరు

గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు చిన్న గ్రామము. ఆ యూరి సురవరము వారి యింటిపేరు తెలుగునాట చదువుకొన్నవారందఱికిని తెలిసియుండుట భూములవలన గాని, ఉద్యోగమువలన గాని కలిగినది కాదు. 1896లో జన్మించిన ప్రతాపరెడ్డిగారు కర్నూలులోను మద్రాసులోను చదివి బి.ఎ., బి.ఎల్. పట్టములు పొందిరి. న్యాయవాదిగానే నిలిచియుండినచో ధనము చేకూరియుండెడిది. వారు 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికకు సంపాదకులైరి. ఉర్దూ రాజభాషగా నున్న నిజాము రాజ్యమున తెలుగు పత్రిక నడపుట యెంతటి పనియో పాఠకులే యూహింపగలరు.

భూములుగల మన పాఠకులకు ఒక సంగతి ప్రత్యేకముగ మనవిచేయుచున్నాము. ప్రతాపరెడ్డిగారు రెడ్డి వసతిగృహమునకు కొన్నేండ్లు కార్యదర్శిగా నుండిరి. కలవారి మెప్పు వారికి సులభముగా లభించునదే. అయినను జాగీరుదారుల యక్రమములను, గ్రామాధికారుల దౌర్జన్యములను, వెట్టిచాకిరిని తమ పత్రికలో నెండగట్టిరి. పరులను విమర్శించి పేరు తెచ్చుకొనువారు పెక్కుమంది గలరు. తమవారి కోపమునకు సిద్ధపడి పేరు నిలుపుకొనువారు మాత్రము మా యెఱుకలో బహు కొద్దిమంది.

సంపాదకీయములను ముందుగా చూపి యనుమతి పొందవలెనని ప్రభుత్వము నిర్బంధించినపుడు వారు లొంగలేదు, తొందరపడి పత్రికను మూయించుకొనను లేదు. సంపాదకీయము వ్రాయవలసినచోట లోకములోని మహనీయుల సూక్తులను ప్రకటింపసాగిరి. దేనిని ఎందుకు ప్రకటించిరో పాఠకులు గ్రహించిరి. సర్కారు వారును గ్రహించియుందురు!

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు వారే యధ్యక్షులు.

వారి స్వభావము మాకు పూర్తిగా కనబడునది వేఱొకచోట. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాసిరి. అట్టి మాటకు నాలుగు వాడి వాక్యములు వ్రాసి తృప్తిపడుట మావంటి పత్రికావ్యాసంగుల కలవాటు; మఱునాటికి ఆ వాక్యములను మేమే మఱచిపోదుము. ప్రతాపరెడ్డిగారు జిల్లాజిల్లాకును కబురంపి, కవుల వివరములను పద్యములను తెప్పించి, కూర్చి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 మంది కవులు గలరు. పేరెన్నడును వినబడని పల్లెటూరి పండితులు పెద్దకవుల సరసన చేరిరి. అపవాదు వేసినవారిని తూలనాడవలసిన పనియే లేకపోయెను. పోయిన పరువు సీమది. దానిని నిలుపుటలో తమ పేరును నిలిచెను.

వారి యభిప్రాయములన్నిటితో మేమేకీభవింపము. కాని వారి మాట యమ్ముడుపోయినదని విరోధులును అనలేకపోయిరి.

1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రము వెలువడెను. రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, పండుగలు చెప్పిన గ్రంథమది. 1952 ఎన్నికలలో వనపర్తి ప్రజలు వారిని హైదరాబాదు శాసనసభకు పంపిరి. ఆ పదవి యేడాదిన్నర కంటె సాగలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన వారు కన్నుమూసిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమానము ఆ చరిత్రమునకే లభించెను. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను. వీనిలో నొక్కటియు వారు చూడలేదు.